బోసినోటి కాపలా

"చేతులు కడిగారా వదినగారూ?"

"రెండుసార్లు. నమ్మకం లేకపోతే వాసన చూస్కోండి."

నాన్నమ్మ నిజంగానే వాసన చూసింది. ముప్ఫై ఏళ్ళు పరీక్ష హాళ్ళలో కాపలా కాసిన మనిషి. ఊరికే మాట నమ్మితే చీటీలెలా దొరుకుతాయి? సబ్బు వాసన తగిలాకే మనవణ్ణి వియ్యపురాలి ఒళ్ళో పెట్టి, ఫ్రిజ్‌కి వేలాడుతున్న పుస్తకంలో రాసింది. 'ఉదయం పది. చిగుళ్ళు ఖాళీ.' కింద సంతకం.

అమ్మమ్మా తక్కువ తిన్నదేం కాదు. సర్వీసంతా సిటీ బస్సులో కండక్టరు. టిక్కెట్టు తీయనివాణ్ణి వీపు చూసి పట్టేది.

వాళ్ళిద్దరి మధ్య ఇరుక్కున్నవాడు బుడంకాయ. పదకొండు నెలలవాడు. చెప్పిన తేదీకి పది వారాల ముందే, కేజీంపావు బరువుతో ఊడిపడ్డాడు. అద్దాల పెట్టెలో ఉన్నన్నాళ్ళూ పేరు పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇంటికొచ్చిన రోజున మాత్రం రెండు పేర్లు గుమ్మంలో కాచుక్కూచున్నాయి. నాన్నమ్మకి పోయిన భర్త పేరు కావాలి. ఆ పేరుని ఆ ఇంట్లో మళ్ళీ గట్టిగా పిలవాలని ఆవిడ కోరిక. అమ్మమ్మకి తన తండ్రి పేరు కావాలి.

గిన్నెలు ఎగిరేదాకా వచ్చాక కొడుకు తీర్పు చెప్పాడు.

"మొదటి పన్ను ఎవరు ముందు చూస్తే వాళ్ళ పేరే. పేరు పెట్టిన మర్నాడు ఇద్దరూ ఎవరిళ్ళకి వాళ్ళు. ఉన్నవి రెండు గదులమ్మా, నేను వంటింట్లో పడుకుంటున్నాను!"

అప్పట్నుంచి పగలంతా రెండేసి గంటల డ్యూటీలు. బదిలీ అప్పుడు ఇద్దరూ కలిసి నోరు చూడాలి. చెంచాతో చిగురు మీద తట్టాలి. టింగుమంటే పన్ను.

ఎన్నాళ్ళు తట్టినా టింగుమనలేదు. కిందటి నెల అందరూ కలిసి పిల్లల పళ్ళ డాక్టరమ్మ మీద పడ్డారు.

"ముందు ఆ చెంచా అవతల పారేయండి," అందావిడ. "నెలలు నిండకుండా పుట్టాడుగా. పళ్ళకి పుట్టిన తేదీ నుంచి కాదు, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్క కట్టాలి. ఆ లెక్కన వీడికి ఏడున్నర నెలలే. కంగారేం లేదు."

"అదేం లెక్కమ్మా?" అంది అమ్మమ్మ. "ఎక్కిన స్టాపు నుంచి కదా టిక్కెట్టు కొట్టాలి, ఎక్కాల్సిన స్టాపు నుంచి కొడతారా?"

"పరీక్షకి ముందొచ్చి కూచున్నంత మాత్రాన పేపరు ముందిస్తారా వదినగారూ?" అంది నాన్నమ్మ. డాక్టరమ్మ పక్షాన చేరే అవకాశం ఆవిడ వదులుకోదు.

గోడ మీది పటంలో ముందుగా వచ్చేవి కింది ముందు పళ్ళని ఉంది. నాన్నమ్మ దాన్ని అక్షరాలా బుర్రకెక్కించుకుంది. ఆనాటి నుంచి ఆవిడ చూపు కింది చిగురు మీదే. సిలబస్ దాటి చదవడం ఆవిడ ఒంటికి పడదు.

ఇటీవల శత్రువు డీలాపడుతున్న సూచనలు కనిపించాయి.

"బదిలీకోసారి ఇద్దరం వాడి నోట్లోకి దూరడం ఎందుకండీ? నమ్మకం మీద నడిపేద్దాం," అంది అమ్మమ్మ, వారం కిందట.

"తొందరేముందత్తయ్యా, అదే వస్తుంది," అంది కోడలు, మధ్యాహ్నం నిద్ర నుంచి లేచి ఒళ్ళు విరుచుకుంటూ.

కొడుకైతే ఆశలు పూర్తిగా వదిలేసినట్టున్నాడు. వంటింట్లోకి కొత్త పరుపు కొనుక్కున్నాడు.

'చేతులెత్తేశారు. ఇక మిగిలింది నేనే,' అనుకుంది నాన్నమ్మ.

ఆవేళ సాయంత్రం ఆరు కావస్తుండగా బుడంకాయ ఆవిడ వేలు కొరికాడు.

చురుక్కుమంది. కింది చిగురు చూసింది. ఖాళీ. పైపెదవి ఎత్తింది.

బియ్యపు గింజంత. తెల్లగా. సిలబస్‌లో లేని చోట!

"గెలిచా..." అరవడానికి నోరు తెరిచింది. భర్త పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

ఇవాళ పేరు. రేపు పెట్టె సర్దడం. ఇంటికెళితే పోట్లాడ్డానికి గోడలు తప్ప ఎవరున్నారు? అవి తిరిగి ఒక్క మాటా అనవు. తన చేతులు వాసన చూసేదెవరు? ఈ కండక్టరమ్మ లాంటి మొండిఘటం మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

"ఏమండీ, మనవడి పక్కన ఇంకొన్నాళ్ళుంటాను. మీ పేరెక్కడికీ పోదు," అని లోపలే భర్తకి చెప్పుకుంది. నెమ్మదిగా పైపెదవి దించేసింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి చీటీ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. అమ్మమ్మ!

నాన్నమ్మ గబుక్కున బుడంకాయని భుజాన వేసుకుని జోకొట్టింది. "ష్... ఇప్పుడే కళ్ళు మూశాడు."

బుడంకాయ కళ్ళు పత్తికాయల్లా విప్పారి అమ్మమ్మనే చూస్తున్నాయి.

"అయితే లేపకండి. ఖాళీ అని రాసేయండి, ఏముందీ," అంది అమ్మమ్మ.

నాన్నమ్మ రాసింది. జీవితంలో మొదటి దొంగ సంతకం. గీత కాస్త వంకర పోయింది. ఆఫీసు నుంచి వచ్చిన కొడుకు పుస్తకం చూసి, "ఖాళీయేనా? పోన్లే అమ్మా," అన్నాడు. వెనకాలే కోడలు, "డాక్టరమ్మ చెప్పిందిగా, ఇంకా టైముంది," అంటూ నాలుగు గ్లాసుల్లో టీ పోసింది.

టీ తాగుతూ నాన్నమ్మ ముగ్గురి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి పరీక్షగా చూసింది. ఎవరికీ అనుమానం రాలేదు. ఇంతమంది కళ్ళు కప్పినందుకు పాపభయం కలిగింది, దాని వెంటే కాస్త గర్వం కూడా.

ఆ ఇంట్లో ఆ పన్నుని అందరికంటే ఆఖరున చూసింది ఆవిడే.