చివరి పేజీలో లేనిది

కూలికొచ్చిన రేఖ గట్టు మీద పెట్టిన నవలలో చివరి పేజీ చదివి, బాలస్వామి కేకేశాడు. “పెండ్లాన్ని చంపింది ఆ డాక్టరే! కథ అయిపోయింది. ఇంగ నా చేనుకు నడువుండ్రి!”

విత్తనాల కోసం వేసిన అతని సీడు పత్తి పూలకు మధ్యాహ్నంలోగా చేత్తో పుప్పొడి అద్దకపోతే కాయ కట్టవు. కూలీలేమో పని చేస్తూ ఆ నవల కథ చెప్పే రేఖ వెంట పక్క చేనులో చేరారు.

ఒక్కరూ కదల్లేదు.

“డాక్టరని మొదటి దినమే తెల్సు మామా,” అంది కిష్టమ్మ. “పెండ్లాన్ని పానం లెక్క చూసుకునెటోడు ఎందుకు చంపిండో, గదే తెల్వదు.”

బాలస్వామి మళ్లీ పుస్తకం తిరగేశాడు. ఆ సంగతి చివరి పేజీలో లేదు.

“ఎందుకు చంపిండే, రేఖా?”

“ఊకె నిలవడితే చెప్ప మామా. నువ్వు గూడ ఒక సాలు పట్టు.”

బాలస్వామి చొక్కా చేతులు మడిచి, ఒక వరసలో నిలబడి పక్క చేనువాడి పూలకు పుప్పొడి అద్దసాగాడు.