దొడ్డి ఖాళీ

"మేడం ఇయ్యాల గూడ భాగ్యశ్రీనే ఎంబడి తీసుకపోయింది బాపూ!" ఫోన్లో వాపోయింది స్నేహలత.

కడుపు మండదా మరి! గొర్రెల జన్యువుల మీద ఆ ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్నది వాళ్లిద్దరే. ఢిల్లీలో ఏడాది శిక్షణకు ఉన్నది ఒక్కటే సీటు. అది చేసొస్తే సైంటిస్టు ఉద్యోగం చేతికందినట్టే. కేతేపల్లిలో బాపు మందకు నెలనెలా రక్తం తీసి పరీక్షలు చేసేది స్నేహలత; ఒక్క నెల తప్పినా పరిశోధన దెబ్బతింటుంది. గైడు మేడమేమో గొర్రెను చూస్తే ఆమడ దూరం పరుగెత్తే భాగ్యశ్రీని రోజూ షెడ్డుకు తీసుకెళ్లి, మెడలో నరం ఎక్కడుంటుందో, సూది ఎలా గుచ్చాలో దగ్గరుండి నేర్పిస్తోంది. తనకెప్పుడైనా అంత ముద్దుగా నేర్పిందా?

పైగా ఆ భాగ్యశ్రీ మహాతల్లి పొద్దున తననే అడిగింది.

"స్నేహా, మీ మందల నిమ్మళంగుండే గొర్రె ఏది? వచ్చే శుక్రవారం మేడంతోటి మీ దొడ్డికొస్తున్న."

"ఎందుకు?"

"ఇప్పుడే చెప్పొద్దన్నది మేడం," అని నవ్వింది.

ఎంత ధైర్యం! తన మందతోనే తన సీటుకు ఎసరు పెడుతుందా?

"బాపూ, ఆడ మేత లేదంటివి గదా. నా కోసం ఆగకు. రేపే మందను సాగర్ అవతలికి తోలుకపో."

"మరి నీ రక్తం పని, బిడ్డా?"

"ఈ నెలది అయిపోయింది. నువ్వు నడువు."

పాపం, బాపు నమ్మాడు.

శుక్రవారం మేడం కారులో స్నేహలత కూడా వెళ్లింది. తమాషా చూడొద్దూ! దొడ్డిలో ఎండిన పెంటికలు తప్ప ఏమీ లేవు.

"గొర్లేవి?" అంది మేడం.

"వలస పోయినయి మేడం. ఈ పాటికి కృష్ణ దాటి ఉంటయి."

మేడం ముఖం వాడిపోయింది. "సాయంత్రంలోపు ఢిల్లీకి పేరు పంపాలె. భాగ్యశ్రీ ఈ మందకు రక్తం తీసుడు కండ్లార చూడకుండ నేనెవ్వర్నీ పంపను," అంటూ ఫోన్ తీసి పక్కకు నడిచింది.

సూదుల డబ్బా ఒళ్లో పెట్టుకుని భాగ్యశ్రీ అక్కడే కూలబడి ఏడ్చింది. స్నేహలత కడుపు చల్లబడింది. పక్కన కూర్చుని భుజం కూడా తట్టింది.

"ఊకోవే. గీ సీటు పోతే ఇంకోటి రాదా?"

భాగ్యశ్రీ కళ్లు తుడుచుకుంది.

"నువ్వు ఢిల్లీ పోతే నీ గొర్లకు రక్తం ఎవరు తీస్తరనే గదనే నేను నేర్చుకున్నది!"