టాబ్లెట్‌కి జ్వరం

"సార్, ఎత్తు చూపే టాబ్లెట్ తెర ఆరిపోయింది! ఎంత ఎత్తులో ఉన్నాం?" అంది విమానం నడపడం నేర్చుకుంటున్న వినీల.

జ్వరం తగ్గించాల్సిన టాబ్లెట్‌కే మే నెల ఎండకి జ్వరమొచ్చింది! కింద నూజివీడు మామిడితోటలు గాలిదుమారంలో కనపడటం లేదు.

పైలట్ విక్టర్ ఎత్తు చూపే పాత ముల్లు వైపు చూశాడు. "ఎనిమిది వందల అడుగులంటోంది."

"నమ్మొచ్చా?"

"రోజూ పొద్దున్నే గాలి ఒత్తిడికి తగ్గట్టు తిప్పితేనే. టాబ్లెట్ ఉండగా ఆ తిప్పలెందుకని ఇవాళ మెకానిక్ శౌరిని మానమన్నది నేనేనమ్మా."

వేరే దారిలేక ముల్లునే నమ్మి దిగారు. చక్రాలు నేలను తాకేసరికి ముల్లు సరిగ్గా సున్నా మీదుంది.

శౌరి పరుగున వచ్చి చేతులు కట్టుకున్నాడు. "తప్పయిపోయిందండీ. మీరు వద్దన్నా, చెయ్యి ఊరుకోక ముల్లు తిప్పేశాను."

విక్టర్ ఆ చేతులు పట్టుకున్నాడు. తల మాత్రం ఎత్తలేకపోయాడు.