రెండు పోస్టులు

“ఇది నువ్వు రాసిందేనా, కాదా? ముందు అది చెప్పు.”

రగ్బీ క్లబ్ సెక్రటరీ తన ఫోనును బల్ల మీదుగా తోశాడు. రోలర్ వంగి చూశాడు. ఎవరో తవ్వితీసి పక్కపక్కనే పెట్టిన రెండు పోస్టులు ఉన్నాయి. ఒకటి నిన్న, కోచ్ గారు పోయినప్పుడు పెట్టింది. ‘కోచ్ గారు నాకు తండ్రిలాంటివారు. ఆయన లేని మైదానం నాకు శూన్యం.’ రెండోది పదేళ్ళనాటిది. ‘ఈ ముసలాడు మనిషి కాదు. వీడు పోయిన రోజు నేను పండగ చేసుకుంటా.’ రెంటి మీదా అతని పేరే ఉంది.

నూట పదిహేను కిలోల మనిషి. ముందు వరసలో తల వంచి నెట్టాడంటే అవతలి జట్టు జట్టంతా వెనక్కి పోవాల్సిందే. అందుకే రోడ్డు రోలర్ అని పేరు పెట్టి, పొడుగైందని రోలర్ చేశారు. అంతటివాడూ ఆ కుర్చీలో పిల్లిలా ముడుచుకున్నాడు.

“రెండోది నేనే రాశాను సార్. మొదటిదే నేను రాయలేదు.”

“అంటే?”

“మీ ఆఫీసు నుంచే వచ్చింది కదా సార్. అందరూ అదే పెట్టాలన్నారు, పెట్టాను.”

అదీ నిజమే. ఆ క్లబ్బులో ఎవరు పోయినా ఇదే పద్ధతి. పబ్లిసిటీ మేడమ్ నాలుగు ముక్కలు రాసి గ్రూపులో పడేస్తుంది, ఆటగాళ్ళు కిమ్మనకుండా అతికించుకుంటారు. అలా నిన్న ఒక్క పూటలో పదిహేనుమందికీ కోచ్ గారు తండ్రి అయిపోయారు. మిగతా పద్నాలుగుమందీ బతికిపోయారు. చిన్నప్పుడు వాళ్ళూ ఆయన్ని తిట్టుకున్నవాళ్ళే, కాకపోతే మనసులో తిట్టుకున్నారు.

“అప్పుడు నాకు పదహారేళ్ళు సార్. భుజం ఎముక పక్కకి జరిగిపోయింది. ఏడుస్తుంటే చెంప పగలగొట్టి మళ్ళీ ఆటలోకి తోశారు. ఆ కోపంలో రాశాను.”

“ఆ ముక్క మాత్రం బయట అనకు,” అంది సెక్రటరీ పక్కనే కూర్చున్న పబ్లిసిటీ మేడమ్. “చచ్చినవాడి మీద నింద వేస్తున్నాడని ఇంకో వెయ్యిమంది నీ మీద పడతారు. ఇప్పటికే గేటు దగ్గర నీ జెర్సీ తగలబెట్టారు. దేశం జట్టు లిస్టు సాయంత్రం ఐదింటికి వస్తుంది. ఈలోగా కోచ్ గారి భార్య కాళ్ళ మీద పడు. నేను వీడియో తీస్తాను. ఆవిడ క్షమించిందంటే జనం నోళ్ళు మూతపడతాయి.”

“జరిగింది జరిగినట్టు రాసినందుకు క్షమాపణా మేడమ్?”

“జరిగిందా లేదా అని ఇక్కడెవరూ అడగట్లేదురా అబ్బాయ్,” అన్నాడు సెక్రటరీ. “లిస్టులో ఉంటావా, ఊడతావా? అంతే.”

రోలర్‌కి ఏడుపొచ్చింది. ఆ లిస్టు కోసమే రెండు మోకాళ్ళూ అరగదీసుకున్నాడు. మైదానంలో అయితే ఎదురొచ్చినవాణ్ణి నెట్టేసేవాడు. ఇప్పుడు ఇంత లోకాన్ని ఎటు నెడతాడు? లేచి మేడమ్ వెనకాలే నడిచాడు.

కోచ్ గారింటి ముందు గదిలో గోడంతా కప్పులూ పతకాలే. కోచ్ గారి భార్య, చిన్న మనిషి, సోఫా అంచున ఆనీ ఆననట్టు కూర్చుంది.

“కాస్త వెలుతురులోకి జరగండమ్మా,” అంటూ మేడమ్ ఫోను ఎత్తిపట్టింది. “ఊఁ, కానీ.”

రోలర్ మోకాళ్ళ మీద కూలబడి, దారిలో బట్టీపట్టిన నాలుగు వాక్యాలూ అప్పజెప్పాడు. మధ్యలో ముఖం చేతుల్లో దాచుకున్నాడు. అది నటన కాదు, అవమానం. మేడమ్‌కి మాత్రం అదే బాగా నచ్చింది.

కోచ్ గారి భార్య తడుముకోకుండా చెప్పింది. “చిన్నపిల్లాడు, తెలియక అన్నాడు. మా ఆయన ఉంటే ఎప్పుడో క్షమించేసేవారు. ఆయన మనసు వెన్న.”

“ఒక్క దెబ్బకే వచ్చేసింది!” అని మేడమ్ సిగ్నల్ కోసం వాకిట్లోకి పరిగెత్తింది. పావుగంటలో తలుపు సందులోంచి తల పెట్టింది. “సెక్రటరీ గారి ఫోను! నీ పేరు ఖాయమట! మీరు చల్లగా ఉండాలమ్మా!” అని మళ్ళీ ఫోను చెవిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

పదేళ్ళు కలగన్న మాట అది. తీరా వినేసరికి రోలర్‌కి నవ్వు రాలేదు. అబద్ధమాడి తెచ్చుకున్నది ఎవరితో చెప్పుకుని సంతోషపడాలి? లేవబోయి ఆగాడు.

“అమ్మా, ఇందాకటివి వాళ్ళు రాసిచ్చిన మాటలు. ఇది నా మాట. ఆయన గురించి రాసినదానికి నాకు బాధ లేదు. మీరు చదివి ఎంత ఏడ్చి ఉంటారో అని మాత్రం బాధగా ఉంది. దానికి నన్ను క్షమించండి.”

ఆవిడ లేచి వెళ్ళి వాకిలి తలుపు దగ్గరగా వేసింది.

“నువ్వు రాసిన రోజే చదివాను బాబూ. అప్పుడు దానికి ఒకే ఒక్క లైకు వచ్చింది, గుర్తుందా?”

“గుర్తుందమ్మా. ఎవరో ఊరూ పేరూ లేని మనిషి. ఫోటో కూడా లేదు.”

ఆవిడ ఒకసారి వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది.

“అది నేనే బాబూ. ఇవాళ్టికీ తియ్యలేదు.”