బడిలో సున్నా

మార్తమ్మగారి విమానం పదకొండింటికి దిగుతుంది. ఈలోగా పిల్లలిద్దరికీ సొంత భాష వచ్చి తీరాలి. ఇప్పుడు టైము తొమ్మిది.

బడిలో సున్నా చేరిస్తే బండి. తబితా, తోమాల బడి బండిలోనే. ఆ పిల్లకి ఏడేళ్లు, వాడికి ఐదు. వాళ్ల నాన్నది బహ్రెయిన్ నేలంతా కొలిచే ఉద్యోగం. ఎక్కడ కొలత ఉంటే అక్కడే కాపురం. మంచాలు, పొయ్యి, బల్ల అన్నీ ఉన్న కారవాన్‌లో. పాఠాలు పోస్టులో వస్తాయి. ఆ బడికి హెడ్మాస్టరు అమ్మగారు. ఆయా, ప్యూను, వంటమనిషి, గంట కొట్టేది అన్నీ నరసాయమ్మే. అమ్మగారు రోజుకో గంట పాఠం చెప్పి, సారు కొలతలకి పటాలు గీయడానికి కూర్చుంటుంది. మిగతా గంటలన్నీ గంట కొట్టే మనిషివే.

దాంతో అమ్మ ఒక భాషలో అడిగితే పిల్లలు ఇంకో భాషలో బదులిస్తున్నారు. వింటే అర్థమవుతుంది, నోరు మాత్రం తిరగదు. గల్ఫ్‌లో చాలా ఇళ్లలో ఉన్న జబ్బే ఇది. కానీ సారుని కన్నతల్లి మార్తమ్మగారు సామాన్యురాలు కాదు. వాళ్ల ఊళ్లో ముప్పయ్యేళ్లు పంతులమ్మ. ముందే ఉత్తరం రాసింది. మనవలు తనతో తన భాషలో మాట్లాడకపోతే, తిరిగి వెళ్లేటప్పుడు ఇద్దర్నీ వెంట తీసుకుపోతుందట.

నరసాయమ్మ ఆ ఇద్దర్నీ పురిట్లోనే చేతుల్లోకి తీసుకుంది. వాళ్లు వెళ్లిపోతే ఆ చేతులకి పనీ ఉండదు, బరువూ ఉండదు.

దక్షిణపు కొస ఇసుకలోంచి బండి కదిలింది. విమానాశ్రయం ఉత్తరాన అరాద్ పక్కన. అంటే దేశం మొత్తం దాటాలి. దాటడానికి పట్టేది గంట. పొద్దున తిన్న పెసరట్టు అరిగేలోపు అయిపోయే దేశమది. సౌదీకి వంతెన ఇంకా కడుతూనే ఉన్నారు కాబట్టి పారిపోవడానికీ దారి లేదు.

అమ్మగారు మూడు వాక్యాలు నేర్పుతోంది. ఒక పలకరింపు, ప్రయాణం ఎలా సాగిందని ఒకటి, మీరొచ్చినందుకు సంతోషమని ఒకటి. తబితా రెండోది మింగేసింది. తోమా మూడూ కలిపి ముద్ద చేశాడు.

"సరిగ్గా చెప్పినోళ్లకి జంతిక," అంటూ నరసాయమ్మ డబ్బా మూత తీసింది.

జంతిక కన్నా ఎక్కువ మెలికలు తిరిగాయి నాలుకలు. మాట మాత్రం రాలేదు. జంతికలు అయిపోయాయి, ఒక్కటి తప్ప.

అంతలోనే జింజ్ అనే పేట వచ్చేసింది. నరసాయమ్మ ముందుకు వంగి, "సారూ, ఇంకో చుట్టు," అని వేలు గాల్లో తిప్పింది. సారు బండిని జింజ్ చుట్టూ మూడుసార్లు తిప్పాడు. పిల్లలకి కళ్లు తిరిగాయి గానీ నోళ్లు తిరగలేదు.

గుదైబియాలో టీకి ఆగారు. అక్కడి కెఫెటీరియాలో టీ కాచే లోవరాజుదీ నరసాయమ్మ ఊరే, తుని.

"ఏంటక్కా, ఇల్లు కట్టుకుని మరీ దేశయాత్రా?"

"గట్టిగా తోల్తే సముద్రంలో పడే దేశంరా ఇది. పిల్లల నాన్నమ్మ దిగుతంది. సొంత బాస రాదని తేలితే ఈళ్లని తోలుకుపోద్దంట."

లోవరాజు కిటికీలోంచి పిల్లల్ని చూసి విరగబడి నవ్వాడు. "పక్కన నువ్వుండి కూడా ఇదేం కర్మక్కా?"

"నవ్వకురా. నీకిది బాస, నాకిది బాద. అక్కడ ఆ చిన్నోడికి ముద్దలు కలిపి పెట్టేదెవరు?"

లోవరాజు నవ్వు ఆపేశాడు. టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టి, "పోన్లే అక్కా, పిల్లలు తెలివైనోళ్లు," అన్నాడు.

ముహరక్ వంతెన మీద తోమా మొదటి వాక్యం సగం వరకూ వచ్చి ఆవులించాడు. "ఖలాస్," అని అమ్మగారు పుస్తకం మూసేసింది.

మార్తమ్మగారు రానే వచ్చింది. సొంత పెరట్లో కాసిన పళ్లతో తనే పట్టిన జాడీ ఒకటి చంకలో ఉంది. కొడుకునీ కోడల్నీ దాటుకుని సూటిగా పిల్లల ముందు నిలబడి, కళ్లజోడు సర్దుకుంది.

సారు నేల కొలుస్తున్నట్టు కిందికి చూశాడు. అమ్మగారు పెదవులతో మొదటి మాట అందించబోయింది. నరసాయమ్మ కొంగుచాటు నుంచి ఆఖరి జంతిక చూపించింది. తోమా ఆమె చీర కుచ్చెళ్లలో దాక్కున్నాడు. తబితా మాత్రం ధైర్యంగా అడుగు ముందుకేసి, గొంతు సవరించుకుంది.

"గుడ్ మార్నింగ్, గ్రాండ్‌మా" అనాల్సిన ఆ బంగారు జుట్టు, నీలి కళ్ల పిల్ల లండన్ నుంచి దిగిన తెల్లావిడ చెయ్యి పట్టుకుని, అచ్చమైన తుని యాసలో, "ఏం మామ్మా, పొద్దుట్నించీ ఏవన్నా ఎంగిలిపడ్డావా, కాళీ కడుపుతోనే వొచ్చేసేవా?" అంది.