యజమాని అందుబాటులో లేకపోతే

బండి మొహం రోడ్డు వైపే ఉండాలి. ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన గుర్రాన్ని ఎక్కించాక బండి తిప్పుకోవడానికి పావుగంట పట్టిందంటే, ఆ పావుగంటలోనే అంతా అయిపోతుంది. సెలైన్ సీసాలు డేరాలో కాదు, డ్రైవరు సీటు వెనక. పగలంతా పనిచేసిన డాక్టరుని రాత్రికి కూడా ఉంచకూడదు. ఇవన్నీ సరే, ఇవన్నీ బావ ఒప్పుకుంటాడు, ఒప్పుకోనిది ఆ ఒక్క కాగితమే, అనుకుంటూ గుర్రాల డాక్టరమ్మ క్లబ్బు ఆఫీసు మెట్లెక్కింది.

మర్నాడే పందెం. నూట అరవై కిలోమీటర్లు, ముప్ఫై తొమ్మిది గుర్రాలు. పగలు ప్రతి మజిలీలోనూ డాక్టర్లు గుండె చూసి, నడక చూసి పంపుతారు. అసలు గండం రాత్రికి. పరుగు ముగించి, నీళ్ళు తాగి, హాయిగా నిలబడాల్సిన గుర్రం ఉన్నట్టుండి కడుపు నొప్పితో పొర్లడం మొదలుపెడుతుంది. పెద్దాసుపత్రి రెండున్నర గంటల దూరం.

బావ అంటే అక్క మొగుడు. పందెం పెత్తనమంతా ఆయనదే. ఇద్దరి మధ్యా మాటలు తెగి రెండేళ్ళు. ఎందుకు తెగాయో ఇద్దరికీ బాగా గుర్తే, కాకపోతే ఇద్దరి కథా ఒకటి కాదు. ఇప్పుడు క్లబ్బు వాళ్ళు రాత్రి వైద్యం ఏర్పాట్లు ఆమెకి అప్పగించబట్టి ఎదురెదురుగా కూర్చోక తప్పలేదు.

"ఏం ముంచుకొచ్చింది మళ్ళీ?" అన్నాడు బావ, తలెత్తకుండా.

ఆమె కాగితాల కట్ట బల్ల మీద పడేసింది. "ప్రతి యజమానీ ఈ సాయంత్రంలోగా సంతకం పెట్టాలి. రాత్రి గుర్రానికి ఏదైనా అయి, తను అందుబాటులో లేకపోతే ఆపరేషనుకి పంపాలా, ఇంజెక్షన్ ఇచ్చి బాధ తీర్చెయ్యాలా, ముందే రాసివ్వాలి."

"విందుకి పిలిచి వీలునామా రాయమన్నట్టుంది. పొద్దుట్నుంచీ తిరిగావుగా, ఎంతమంది పెట్టారేం?"

"ఒక్కరూ పెట్టలేదు."

"పెట్టరు. పరుగుకి ముందు చావు మాటేంటని తిట్టి పంపుంటారు."

గోడవార స్టూలు మీద నాడాలు కొట్టే మేస్త్రీ కూర్చుని ఆకురాయి తుడుచుకుంటున్నాడు. నిరుడు పందెం అయిన రాత్రి కడుపు నొప్పితో పడిపోయిన తెల్ల గుర్రం తాడు రాత్రంతా పట్టుకున్నది ఆయనే. పదకొండింటికి నొప్పి మొదలైంది. పేగు మెలిపడింది, ఇక బతకదు అని పగటి డాక్టరు తేల్చేశాడు. కానీ యజమాని నోటి మాట లేనిదే ఇంజెక్షన్ ఇవ్వనన్నాడు. పరాయి గుర్రాన్ని చంపాడని రేపు కేసు పెడితే? ఫోన్ చేశారు. మోగింది. మళ్ళీ చేశారు. మోగుతూనే ఉంది. గుర్రం నాలుగింటి దాకా పొర్లి పొర్లి పోయింది.

ఆ యజమానిని డాక్టరమ్మ తిట్టుకోని రోజు లేదు ఈ ఏడాదిలో. స్నానం చేస్తూ తిట్టుకుంటుంది. ఎర్ర లైటు దగ్గర బండి ఆపి తిట్టుకుంటుంది. ఎత్తితే ఏం పోయేది? ఒక్క మాట. సరే, ఇచ్చెయ్యండి. అంతేగా.

"ఫోన్‌ని నమ్ముకుంటే ఏమైందో చూశారుగా," అంది.

"నేను చూశాను. నువ్వు చూళ్ళేదు. నువ్వక్కడ లేవు."

"లేకపోతే మాట్లాడకూడదా?"

"మిగతా వాళ్ళెవరైనా మాట్లాడొచ్చు."

ఆమె మేస్త్రీ వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి మేస్త్రీ, ఆ రాత్రి ఎలా ఉందో."

ఆకురాయి మీద గుడ్డ ఆగలేదు. "చెప్పడానికేముందమ్మా. ఈ భుజం ఇప్పటికీ పైకి లేవదు. ఏడాదికి అడిగారు, సంతోషం."

ఆమె కాగితాల కట్టని విసురుగా దగ్గరికి లాక్కుంది. కోపమే అనుకుంది. కోపమైతే నయం, దానికి ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు.

"ఈ కాగితాలు లేకుండా రాత్రి డాక్టరు రాడు. ఆయనతో చెప్పేశాను. ముప్ఫై తొమ్మిది గుర్రాలకీ మీరే దిక్కు."

"బెదిరిస్తున్నావా?"

"అవును."

బావ మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. అరిస్తే బాగుండుననిపించింది ఆమెకి. అరవలేదు.

"సరే, ఒక్క సంతకం తే. ఒక్కటంటే ఒక్కటి. అది నా చేతిలో ఉంటే మిగతా వాళ్ళందరి చేతా నేను పెట్టిస్తా. పెట్టనివాడి గుర్రం రేపు గేటు దాటదు. అది తేలేకపోయావా, ఈ కట్ట తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టుకో."

"చెప్పాగా, అందర్నీ అడిగాను."

"అందర్నీ అడిగావా?"

మేస్త్రీ చేతిలో గుడ్డ ఆగింది. బయట ఎవరిదో గుర్రం బండి దిగనని మొండికేసి చెక్కల మీద డెక్కలు టకటకలాడిస్తోంది. బావ చూపు తిప్పుకోలేదు. ఈ మనిషి ఇంక ఎప్పటికీ క్షమించడని ఆమెకి తెలిసిపోయింది. అలా తెలియడం వింతగా కాస్త ఊరటగా ఉంది.

డాక్టరమ్మ కుర్చీ ముందుకి లాక్కుని, కట్టలోంచి పై కాగితం తీసి, రేపు పరిగెత్తబోయే తన ఎర్ర గుర్రం పేరు రాసింది. యజమాని అన్న చోట, నిరుడు ఆ రాత్రి పదకొండుసార్లు తెర మీద బావ పేరు చూసి ఫోన్ బోర్లించిన చేత్తోనే, సంతకం పెట్టింది.