నక్క పక్షం

గుమ్మం దాటబోయిన నాన్న కాలికి దారం తగిలింది. బోర్లా పడబోయి, తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. దారం లాగిన ఊపుకి గుమ్మం పైన అరలో ఉన్న చెంబు తిరగబడి, నీళ్ళన్నీ ఆయన నెత్తిన పడ్డాయి.

సోఫా వెనక నుంచి రెండు జడలు పైకి లేచి, చూసి, మళ్ళీ మునిగిపోయాయి.

"వారం నుంచీ ఇదే వరస," అంది అమ్మ, గోడతో అన్నట్టు. "ఇంకొక్కరు పడ్డారంటే ఆ టీవీ తీసి వీధిలో పారేస్తాను." మధ్యాహ్నం డ్యూటీకి టైమైపోయింది. నాన్నకి తువ్వాలు అందించకుండానే వెళ్ళిపోయింది.

ఆ జడల యజమానురాలికి ఏడేళ్ళు. ఇంట్లో పేరు గడుగ్గాయి. రోజూ నాలుగింటికి టీవీలో ఓ పాత కార్టూన్ వస్తుంది. అందులో నక్క రోజుకో ఎత్తు వేసి కుందేలుని పట్టుకోవాలని చూస్తుంది. గొయ్యి తవ్వుతుంది, ఉచ్చు పన్నుతుంది, దారిలో జిగురు పోస్తుంది. కుందేలు తప్పించుకుపోతుంది. తను తీసుకున్న గోతిలో నక్కే పడుతుంది. నాన్న చిన్నప్పుడూ అదే వచ్చేది, ఆయన పడీ పడీ నవ్వేవాడు. గడుగ్గాయి నవ్వదు. పరీక్షకి చదువుతున్నట్టు చూస్తుంది.

చూసిందల్లా వీధి గుమ్మం దగ్గర ప్రయోగిస్తుంది. మొన్న గోళీలు, నిన్న నూనె. ఆ నూనె మీద కాలేసిన నాయనమ్మ చీలమండ వాచి మంచమెక్కింది.

"నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు. నేను దీని నూనె తొక్కాను," అని మూలుగుతోంది వెనక గదిలోంచి. "దొంగల భయంట్రా దానికి. పక్కవీధిలో దొంగలు పడింది నిరుడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయట, అలా ఉంది."

నాన్నకి నవ్వు రాలేదు. ఆయన కరెంటు పనివాడు. ఇక్కడ వాసన వస్తోందంటే ఎక్కడో వైరు కాలుతోందని ఆయనకి తెలుసు. పిల్లకి ఏదో భయం పట్టుకుంది. అదేమిటో ఇవాళే కనుక్కోవాలి, రేపటిదాకా ఆగడానికి లేదు.

నాలుగైంది. గడుగ్గాయి టీవీకి అతుక్కుపోయింది. నాన్న గుమ్మం దగ్గర కూర్చుని ఒక్కొక్కటే తీసేశాడు. మూలల్లో మిగిలిన గోళీలు ఏరాడు, వదలని నూనె జిడ్డు తుడిచాడు. దారం విప్పబోతూ ముడి చూసి ఆగిపోయాడు. లాగినకొద్దీ బిగిసే ముడి. పోయిన వేసవిలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తనే నేర్పాడు. విప్పడానికి చాలాసేపు పట్టింది.

వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు.

"ఎవరి కోసమే ఇన్ని ఉచ్చులు? దొంగ కోసమా?"

"చెప్పకూడదు. నక్క ముందే చెప్పేస్తుందా?"

"అయితే నువ్వు నక్క పక్షమా? అందరూ కుందేలు పక్షం కదే."

"నేను నక్కే."

"పాపం, కుందేలు దొరికితే తినెయ్యదూ?"

"తినదు నాన్నా. ఊరికే ఉంచుకుంటుంది."

ఆ మాటకి నాన్నకి దుఃఖం వచ్చింది. ఎందుకొచ్చిందో ఒప్పుకోవడం ఇష్టం లేక టీవీ వైపు చూశాడు. కుందేలు ఎప్పట్లాగే సందు చూసుకుని ఉడాయించింది.

"బొమ్మ అయిపోయేదాకా ఇక్కడే కూర్చుంటావా?" అడిగింది గడుగ్గాయి.

"కూర్చుంటా. మంచినీళ్ళు తాగొస్తా."

"సరే," అంది తల తిప్పకుండానే.

నాన్న తన గదిలోకి వెళ్ళి, వారం కిందట ఎవరికీ తెలియకుండా బట్టలన్నీ సర్ది మంచం కింద దాచుకున్న పెట్టెని చప్పుడు కాకుండా పైకెత్తేసరికి, దాని పిడికి కట్టిన దారం గోడవారగా బిగుసుకుంటూ పోయి, హాల్లో టీవీ ముందు కూర్చున్న గడుగ్గాయి మణికట్టుని పైకి లేపింది.